రెల్లుపువ్వు కుండ

చెరువుకు పెద్దను ఎన్నుకునే రోజు రానే వచ్చింది. తన బోదురు మామ పోటీకి నిలబడ్డాడని బెకబెకమ్మ అనే కప్ప ఉబ్బితబ్బిబ్బయింది. అవతల నిలబడిందెవరు? అడ్డంగా నడిచే ఎండ్రకాయ!

ఒడ్డున రెల్లు చాటున రెండు కుండలు పెట్టారు. ఒకదాని ముందు రెల్లుపువ్వు, ఇంకోదాని ముందు నత్తగుల్ల. ఈడొచ్చిన ప్రతి జీవికీ తలా ఒక చింతగింజ. తోక ఊడని కప్పపిల్లలకు మాత్రం లేదు.

"మన కప్పల కుండ ఏది తాతా?" అని అడిగింది బెకబెకమ్మ.

గింజలు పంచుతున్న బాతు తాత ముక్కు అడ్డంగా ఊపాడు. "కప్పల కుండ, ఎండ్రకాయల కుండ అంటూ ఇక్కడ ఉండవమ్మా. రెల్లుపువ్వు మీ మామ గుర్తు, నత్తగుల్ల ఎండ్రకాయది. చెరువుకు పని చేసేదెవరో చూసుకుని వెయ్యి. లోపల నిన్నెవరూ చూడరులే."

రెల్లు చాటుకు వెళ్ళాక బెకబెకమ్మకు మొన్నటి ఎండాకాలం గుర్తొచ్చింది. కాలువ పూడిపోయి పిల్లలు బురదలో గిలగిల్లాడుతుంటే మామ రాగాలు తీస్తూ కూర్చున్నాడు. ఎండ్రకాయ ఒక్కతే కాళ్ళు అరిగేలా మట్టి తోడి నీళ్ళు పారించింది.

గింజ నత్తగుల్ల కుండలో పడింది. మామకు మొహం ఎలా చూపించాలా అని బెంగపడుతూ బెకబెకమ్మ బయటికొచ్చింది.

సాయంత్రం అందరి ముందూ కుండలు బోర్లించారు. నత్తగుల్ల కుండలోంచి గింజలు గుట్టగా పడ్డాయి. రెల్లుపువ్వు కుండలో ఒక్కటంటే ఒక్కటి లేదు!

కప్పలన్నీ తలలు దించుకున్నాయి. అంతలో బెకబెకమ్మకు అనుమానం వచ్చింది. "మామా, మరి నీ గింజేదీ?"

బోదురు మామ పొట్ట కదిలేలా నవ్వాడు.

"పాటంటే నేనే పాడతాను గానీ, నాకూ నీళ్ళు కావాలి కదే!"