లిస్టులో పైనున్న పేరు

…అందుకే ఆ ఉత్తరంలో ఏముందో ఇవాళ కూడా అమ్మకి చెప్పలేదు. మూడు రోజులుగా లెక్కల పుస్తకం అట్టలోనే ఉంది.

అమ్మ గుండెకి పెట్టిన పేస్‌మేకర్ బ్యాటరీ ముందే అయిపోవచ్చట. వెంటనే హాస్పిటల్‌కి వెళ్లమని కంపెనీవాళ్లు ఇంగ్లిష్‌లో రాశారు. మా ఇంట్లో ఇంగ్లిష్ వచ్చింది నాకొక్కదానికే.

"ఏంటే అది?" అంది అమ్మ, ఉత్తరం వచ్చిన రోజు.

"పేస్‌మేకర్ కంపెనీవాళ్లు థాంక్స్ చెప్తూ రాశారమ్మా."

"పర్లేదే, మర్యాదస్తులే!" అని నవ్వింది.

ఆ కంపెనీని ఎంచింది నేనే. పేస్‌మేకర్ పెట్టేటప్పుడు డాక్టర్ రెండు కంపెనీల పేర్లు చెబితే, "ఇంగ్లిష్ మీడియం మేడమ్, నువ్వు చూడవే" అని అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది. నెట్‌లో ప్రపంచంలో పేస్‌మేకర్లు చేసే అతి పెద్ద కంపెనీల లిస్టు దొరికింది. రెండిట్లో పైనున్న పేరు చూపించాను. అది ఎవరు ఎక్కువ అమ్ముతారో చెప్పే లిస్టు, ఎవరిది మంచిదో చెప్పేది కాదు.

అమ్మ మెట్లెక్కుతూ మధ్యలో ఆగితే నాకు పైప్రాణాలు పైనే పోతున్నాయి. నేను చూపించిందే తన ప్రాణం మీదికొచ్చిందని ఎలా చెప్పను?

తలుపు కొడుతోంది. అమ్మే.

"తియ్యవే! హాస్పిటల్‌వాళ్లు ఫోన్ చేశారు, పేస్‌మేకర్ మార్చాలట. మళ్లీ రెండు పేర్లు చెప్పారు. ఈసారీ నువ్వే చూసి చెప్పాలి. నీ మాటైతేనే నాకు ధైర్యం."

రాస్తున్న ఈ కాగితాలు దిండు కింద పెట్టేస్తున్నా.