డ్రై ఐస్‌కి రగ్గు

ఐస్‌క్రీం షాపు నడిపే భార్య ఇంటికొచ్చేసరికి, రేపటి ఆర్డరు కోసం తెప్పించిన డ్రై ఐస్ మూత తీసిన పెట్టెలో, టేబుల్ ఫ్యాను ముందు పొగలు కక్కుతోంది. పొద్దున పది కిలోలు. ఇప్పుడు ఆరు ఉంటే గొప్పే.

"వేడెక్కకుండా కాస్త గాలి తగలనిచ్చా," అన్నాడు భర్త. వారం తర్వాత ఆమెతో అతనన్న మొదటి మాట అదే.

"దానికేమన్నా చెమట పడుతుందా? గాలి తగిలేకొద్దీ ఇంకా తొందరగా ఆవిరైపోతుంది."

ఆమె గ్లోవ్స్ తొడుక్కుని ముక్కలన్నీ దగ్గరగా సర్దింది. ఖాళీల్లో పాత పేపర్లు కుక్కి మూత పెట్టింది. సోఫా మీది రగ్గు లాగి పెట్టెకు చుట్టేసింది.

"రగ్గు కప్పితే ఉడికిపోదూ?"

"బయటి వేడి లోపలికి పోదు. రేపటిదాకా ఆగుతుంది."

పోట్లాడుకున్న రోజు నుంచి అతను పడుకుంటున్నది ఆ సోఫా మీదే, కప్పుకుంటున్నది ఆ రగ్గే.

"మరి నాకు?"

"మంచం మీద నాది ఉందిగా. పెద్దదే," అంది ఆమె, అటు తిరిగి ఫ్యాను ఆపుతూ.

బీరువాలో ఇంకో మూడు రగ్గులున్నాయని ఇద్దరికీ తెలుసు. ఆ ఊసు ఇద్దరూ ఎత్తలేదు.