మడికి పరిచిన పడక

చలిలో ఏదీ పండదని మీకు చెప్పిందెవరు? చెప్పినవాళ్లు ఎప్పుడైనా ఒక్క విత్తనం నాటి చూశారా?

చిట్టడవిలో చెవులమ్మ అనే కుందేలు నాటింది. గుప్పెడు బీట్‌రూట్ విత్తనాలు, అంతే. అవి పండితేనే వసంతంలో దాని కడుపు నిండేది. మొలకలు మంచుకు మాడిపోకుండా రోజూ సాయంత్రం తన పడక గడ్డి తెచ్చి మడి మీద కప్పేది. ఎండ తగలాలని పొద్దున్నే తీసేది. తను మాత్రం వట్టి నేల మీద వణుకుతూ పడుకునేది.

“మొక్కలకి పరుపా? రేపు దిండు కూడా అడుగుతాయి,” అని నవ్వింది పక్క బొరియలోని ముసలి ముళ్లపంది.

“అడిగితే ఇస్తాను తాతా. వసంతంలో నీకు ఆకలేస్తే, నువ్వు నవ్విన సంగతి అవేం గుర్తుపెట్టుకోవులే.”

ఒక సాయంత్రం మంచు మరీ దట్టంగా దిగింది. మందంగా కప్పేసరికి ఉన్న గడ్డంతా సగం మడికే సరిపోయింది. మిగతా సగం ముందు చెవులమ్మ దిగాలుగా నిలబడింది. అంతలో వెనక గరగరమని చప్పుడైంది. ముళ్లపంది తన పడకంతా ఒంటి ముళ్లకి గుచ్చుకుని వచ్చింది.

“చూస్తావేమే, పీకి కప్పు. వంగితే నాకు నడుం పట్టేస్తుంది.”

వసంతంలో ఇద్దరి మూతులూ బీట్‌రూట్ రసంతో ఎర్రబడ్డాయి.

మీ పక్కన కూడా ఎవరో చలిలో నాటే ఉంటారు. నవ్వడం ఆపి, మీ వంతు గడ్డి ఈ సాయంత్రమే పట్టుకెళ్లండి.