అక్కర్లేని డ్రైవర్లు

ఉట్నూర్‌లో నవీన నడిపే ఆన్‌లైన్ సెంటర్‌లో కంప్యూటర్ మళ్లీ తెర నీలంగా మారి ఆగిపోయింది. నెలలో ఇది మూడోసారి. ఆదిలాబాద్ నుంచి బస్సులో వచ్చిన మెకానిక్ సాగర్ చెమటైనా తుడుచుకోకుండా దాని ముందు కూచున్నాడు.

"గీ కంప్యూటర్‌కు ఎప్పుడూ జరమేనా బిడ్డా?" అంది ఆదాయం సర్టిఫికెట్ కోసం బల్ల మీద కూచున్న బుచ్చవ్వ.

"పోయినసారి లెక్కనే ఉంటది అవ్వా. ప్రింటర్ లాంటి మిషన్ ఈడ ఉండది గని దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మాత్రం లోపట కూసుంటది. ఉన్నవాటితోని కొట్లాడుతది, కంప్యూటర్ పడిపోతది." సాగర్ నవీన వైపు తిరిగాడు. "గివి ఎట్లొస్తున్నయ్ మేడం?"

"నాకేం ఎర్క సారూ."

ఎరుక లేకేం, నిక్షేపంగా ఉంది. సోమవారం పొద్దున తలుపు దగ్గరికి వేసి, సెంటర్‌లో లేని ఓ పాత స్కానర్ డ్రైవర్‌ను నెట్‌లోంచి తెచ్చి ఎక్కించింది ఆ మహాతల్లే. కంప్యూటర్ బాగుంటే సాగర్ ఎందుకొస్తాడు? అతను రాని రోజుల్లో ఆదిలాబాద్ బస్సు హారన్ వినబడితే చాలు, ఆమె ప్రాణం గుమ్మంలోకి పోతుంది. నోరు తెరిచి చెబుదామంటే భయం. పని చూసుకుని పోయే మనిషి, ఏమనుకుంటాడో ఏమో.

"ఇగ ఫికర్ లేదు మేడం. కంపెనీ కొత్త ప్రోగ్రాం ఇచ్చింది. అక్కర్లేని డ్రైవర్లన్ని తీసేసి, కొత్తయి ఎక్కకుండ తాళమేస్తది. ఇగ నేను వచ్చే పనే ఉండది," అన్నాడు సాగర్, తెర మీంచి చూపు తిప్పకుండా.

నవీన గబుక్కున కుర్చీ దగ్గరికి జరిగింది. "గా తాళం వెయ్యకుంటే నడ్వదా?"

"నడ్వది. పైనుంచి ఆర్డర్."

ప్రోగ్రాం తన పని తాను చేసుకుపోయింది. అంతా అయ్యాక పక్కనున్న ప్రింటర్ గరగరమంది.

"ఏం కాయితమది?" అంది నవీన.

"తీసేసినవాటి లిస్టు. ఏది ఏ తారీఖు, ఎన్ని గంటలకు ఎక్కిందో..." సాగర్ మాట మధ్యలో ఆగిపోయింది.

నవీన ప్రింటర్ దగ్గరికి ఉరికింది. సోమవారం సెంటర్‌లో ఉన్నది తనొక్కతే. ఈ మనిషి ముందు పరువు పోయినట్టే. కాగితం బయటికి రాగానే లాక్కుంది. చిత్రంగా, సాగర్ చెయ్యి కూడా అప్పుడే దాని మీద పడింది.

"జర నాకియ్యుండ్రి మేడం. ఆఫీసు కాయితం."

"ప్రింటర్ నాది సారూ."

గోడ వైపు తిరిగి చదివింది. రెండే వరుసలున్నాయి. మొదటిది స్కానర్‌ది, సోమవారం ఎక్కింది. అది తన నిర్వాకమే. రెండోది పియానోలాంటి ఏదో వాద్యానిది. అది ఎక్కింది పోయినసారి సాగర్ వచ్చిన రోజు, తను అతనికి చాయ్ పెట్టడానికి లోపలికి పోయిన సమయంలో.