చెరిపేసిన గీత

"బాబాయ్, నిజం చెప్పు. ఇదీ నీ పనేనా?"

సైంటిస్టమ్మ తెరమీద గీత చూపించింది. పేలిన నక్షత్రం వైపు తిప్పిన మా టెలిస్కోపులో గామా కిరణాల గుర్తు నిటారుగా లేచి నిలబడింది. నాలుగేళ్లుగా ఆ పిల్ల వెతుకుతున్నది దానికోసమే.

నేను ఆ టెలిస్కోపుకి గ్రీజు పెట్టే మెకానిక్కుని. చదువు ఎనిమిదితో ఆగింది, కోతివేషాలు మాత్రం ఇంకా పాసవుతూనే ఉన్నాయి. కిందటి నెలలో గామా కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే నీలి మెరుపులా ఉండే, కెమెరా పరీక్షకి వాడే నీలం లైటు వెలిగించి, అచ్చం ఇలాంటి గీతే పుట్టించాను. పాపం, కుర్చీ ఎక్కి గెంతింది. సంగతి తెలిశాక వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఈసారి ఆమె అడిగినదానికి మీసం దువ్వుకుని నవ్వాను.

"నీకో దండం! ఇంకాసేపైతే అందరికీ ఫోన్లు చేసి పరువు పోగొట్టుకునేదాన్ని" అంటూ ఆ గీత చెరిపేసి, టెలిస్కోపుని ఇంకో నక్షత్రం వైపు తిప్పమంది. తిప్పింది నేనే.

మూడో రోజున వేరే దేశం వాళ్లు అదే నక్షత్రంలో గామా కిరణాలు పట్టుకున్నామని ప్రకటించారు. మేం మళ్లీ అటు తిప్పేసరికి అది చల్లారిపోయింది.

"పోనీలే బాబాయ్. నీ లైటు అడ్డుపడకపోతే మనకీ దొరికేదేమో" అని నన్నే ఓదార్చింది.

"ఆ రోజు నేను లైటు జోలికే పోలేదమ్మా."

ఆమె చేతిలో టీ కప్పు ఆగిపోయింది. "మరెందుకు నవ్వావు?"

"నక్షత్రం చేసే పని నేను చేయగలనని నమ్మావు కదా... గొప్పగా అనిపించింది."