జుబేదా చెప్పిన సీరియల్

"జుబేదా! ఓ జుబేదా! సీరియల్ పాట షురువైందే, జల్దీ రా!"

గోడ అవతలి నుంచి ముత్తమ్మ కేక వినగానే జుబేదా చేతిలోని చాట పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని పరుగులాంటి నడకతో వెళ్ళింది. గౌడవెల్లిలో ఆ వాడకట్టు మొత్తానికీ టీవీ ఉన్నది ముత్తమ్మ ఇంట్లోనే. మధ్యాహ్నం వచ్చే హిందీ సీరియల్ అంటే ముత్తమ్మకు ప్రాణం.

భర్త షుకూర్ పోయాక, ఇల్లు కదలకూడని ఇద్దత్ రోజులు తీరిపోయినా జుబేదా గడప దాటలేదు. పొయ్యి వెలిగించాలన్నా మనసొప్పేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం ముత్తమ్మ గోడ మీదుగా తొంగిచూసింది.

"నాకు హిందీ ముక్క రాదు. ఉత్త బొమ్మలు జూసుడైతాంది. జర వచ్చి ఏమంటున్నరో చెప్పిపోవే!"

పెద్దామె అడిగితే కాదనలేక వచ్చిన జుబేదా, ఇప్పుడు ఆ పాట కోసం పొద్దుటి నుంచే చెవులు రిక్కించుకుని ఉంటోంది.

"ముందుగాల రొట్టె తిను. ఖాళీ కడుపుతోని నీకు గొంతు లేవది, నాకు కథ సమజ్ గాదు," అంటూ ముత్తమ్మ రోజూలాగే పళ్ళెం ముందుకు తోసింది.

జుబేదాకు ఒక గుబులుండేది. టీవీవాళ్ళు మాట్లాడే ఆ శుద్ధ హిందీ ఆమె ఇంటి ఉర్దూ లాంటిది కాదు. సగం అర్థమయ్యేది, మిగతా సగం తనే అల్లేది. ముత్తమ్మ అనుమానించినట్టు ఎప్పుడూ కనబడలేదు. పైగా నవ్వాల్సిన చోట జుబేదా నోరు తెరవకముందే నవ్వేసేది. ఎట్లా తెలిసిందంటే, "మొఖాలు జూస్తె తెల్వదా?" అనేది.

ఈమధ్య సీరియల్లో అత్త కోడల్ని ఇంట్లోంచి గెంటేసింది. అప్పటి నుంచి జుబేదాకు ఆ గదిలో కూర్చోవడం ఇబ్బందిగా ఉంది. ఎందుకంటే ముత్తమ్మ కోడలు వినోద కూడా ఇంట్లో లేదు. చుట్టాల ముందు, "మీ తల్లిగారింట్ల పప్పు గిట్లనే మాడవెడ్తరా?" అని ముత్తమ్మ అన్న మాటకు అలిగి, అత్వెల్లిలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. అది జుబేదా ఈ ఇంటికి రావడం మొదలుపెట్టక ముందటి సంగతి. కొడుకు నగేష్ ఫ్యాక్టరీ నుంచి అటే బండి తిప్పి బతిమాలి వచ్చేవాడు.

"అత్తమ్మ వచ్చి పిలిస్తెనే వస్త," అంటుంది వినోద.

"కోడలి ముంగట మొక్కాల్నా?" అంటుంది ముత్తమ్మ. బొల్లారం మిలిటరీ క్వార్టర్లలో ఏళ్ళ తరబడి పాలు పోసి, నెత్తిన బిందె మోసి గట్టిపడిన మెడ ఆమెది. అంత తేలిగ్గా వంగదు. మధ్యలో నగేష్ పుల్లలా అయిపోయాడు.

ఒకసారి జుబేదా ధైర్యం చేసి, "ఒక్కపారి పోయి పిలువరాదు అక్కా," అంటే ముత్తమ్మ కసిరింది.

"నువ్వు సీరియల్ సంగతి చెప్పు. నా ఇంటి సంగతి గాదు."

సరే, సీరియల్ సంగతే చెబుతానని జుబేదా ఆ రోజే మనసులో అనుకుంది.

ఇవాళ తెర మీద అత్త కారు దిగి కోడలి పుట్టింటికి వెళ్ళింది. వేలు చూపిస్తూ, పళ్ళు కొరుకుతూ నగలన్నీ తిరిగి ఇచ్చేయమంది. మళ్ళీ నా గడప తొక్కితే ఊరుకోనంది. ఖర్మకొద్దీ ఇవాళ ప్రతి మాటా జుబేదాకు అర్థమైంది.

"ఏమంటాందే?"

"తప్పు నాదే బిడ్డా, నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, ఇంటికి రా అంటాంది."

"మొఖం జూస్తె తిడ్తున్నట్టే ఉన్నదే?"

"పెద్దింటోళ్ళు గట్లనే మాట్లాడ్తరు అక్కా!"

కోడలు ఏడుస్తోంది. ముత్తమ్మ తెర మీంచి చూపు తిప్పి, చాలాసేపు జుబేదా ముఖంలోకే చూసింది.

"మరి కోడలేమంటాంది?"

"నువ్వెప్పుడొస్తవో అని దినాం తొవ్వ జూస్తున్న అత్తమ్మా, అంటాంది."

ముత్తమ్మ టీవీ కట్టేసి, కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పాట వేళకు కేక వినబడలేదు. ముత్తమ్మ ఇంటికి తాళం. కోపమొచ్చిందేమో, అబద్ధం బయటపడిందేమోనని జుబేదాకు అన్నం సహించలేదు. సాయంత్రం ఇంటి ముందు ఆటో ఆగింది. ముందు ముత్తమ్మ దిగింది, వెనకే సంచీతో వినోద. నగేష్ ఎదురెళ్ళి సంచీ అందుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. గోడ పక్కన నిలబడిన జుబేదాకు ఏడుపాగలేదు.

ఆ మరుసటి మధ్యాహ్నం మళ్ళీ కేక వినబడింది. వెళ్ళేసరికి టీవీ ముందు వినోద కూడా ఉంది. ఈ పిల్ల పది చదివింది, బడిలో హిందీ నేర్చింది. అత్త నగలడిగిన సంగతి ఇవాళ తెర మీద మళ్ళీ వస్తే?

వినోద చాయ్ పెట్టడానికి లేవగానే జుబేదా వెంటే వంటింట్లోకి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత. సీరియల్ల అత్త కోడల్ని తిట్టింది. ఇంటికి పిలిచిందని నేనే అబద్ధం చెప్పిన. గా మాట నమ్మే మీ అత్తమ్మ నీకోసమొచ్చింది. అసలు సంగతి ఆమెకు చెప్పకు. పాపం, హిందీ రానామె."

వినోద చేతిలో చాయ్ గిన్నె అలాగే ఆగిపోయింది. "ఎవలికి రాదు?"

"మీ అత్తమ్మకే. అందుకే గద, దినాం నన్ను పిల్చి చెప్పిచ్చుకుంటది."

"జుబేదా, యాడున్నవే? రొట్టె సల్లగైతాంది!" ముందు గదిలోంచి ముత్తమ్మ కేకేసింది. "వీళ్ళేమంటున్నరో ఒక్క ముక్క సమజైతలేదు, జల్దీ రా!"

వినోద ఆ గది వైపు ఒకసారి, జుబేదా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"చిన్నమ్మా, అన్నేండ్లు మిలిటరోళ్ళకు పాలు పోసిన మా అత్తమ్మకు హిందీ నాకంటె మంచిగొస్తది."