కరెంటు అడగని పుస్తకం

“దీన్నా పుస్తకమంటున్నావు?” అన్నాడు అధ్యక్షుడు. బావమరిది తెచ్చిన ఈ-రీడర్‌ను, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు, రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

ఆయన అధ్యక్షుడైంది ఏ దేశానికో కాదు, ఆ పేటలోని పాఠకుల సంఘానికి. ఉన్న సభ్యులంతా ఒక గదిలో పడతారు. అయినా పెరట్లోకి వెళ్ళేటప్పుడు కూడా వేదిక ఎక్కుతున్నట్టే నడుస్తాడు.

“మీకు కాదు బావగారూ, అక్కకి,” అన్నాడు బావమరిది. “చిన్న అక్షరాలు చదవొద్దని కళ్ళ డాక్టరు చెప్పాడట కదా. ఇందులో అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు.”

“నేనే తెమ్మన్నానండీ,” అంది ఆమె వంటింటి గుమ్మంలోంచి.

ఒకప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా తెలియకుండా నవలల్లో మునిగిపోయిన మనిషి. ఇప్పుడు భూతద్దం పట్టుకుని ఒక పేజీ చదివేసరికి తలనొప్పితో మంచమెక్కుతోంది. తన భార్యకు ఏ లోటూ లేదని అధ్యక్షుడు మాత్రం అందరికీ చెబుతుంటాడు.

బావమరిది ఈ-రీడర్‌ను అక్క చేతిలో పెట్టి, ఎలా వాడాలో చెప్పబోయాడు. అతను నోరు తెరిచేలోగానే ఆమె వేళ్ళు తెర మీద కదిలాయి. ఆవగింజల్లాంటి అక్షరాలు బఠాణీలంత అయ్యాయి.

“అప్పుడే పట్టేశావే అక్కా.”

“ఇదేమన్నా బ్రహ్మవిద్యా?” అందామె. “నాకూ కాగితమే ఇష్టంరా. పేజీ తిప్పితే వచ్చే ఆ చప్పుడు, ఆ వాసన దీనికెక్కడివి? కానీ కాగితం మీద అక్షరాలు నాకిప్పుడు దొరకట్లేదు.”

“దొరక్కపోతే మానెయ్యి,” అన్నాడు అధ్యక్షుడు. “ఈ వయసులో నువ్వు చదివి ఎవర్ని ఉద్ధరించాలి? సాయంత్రం సభలో నా ప్రసంగం దేని మీదో తెలుసా? ‘కరెంటు అడగని పుస్తకం.’ నా ఇంట్లోనే ఈ పలక ఉందని తెలిస్తే నా పరువేం కావాలి?”

“దీనికి కరెంటు పెద్దగా అక్కర్లేదు బావగారూ. ఒకసారి చార్జింగ్ పెడితే నెల్లాళ్ళు వస్తుంది.”

“అవన్నీ కంపెనీవాళ్ళ కోతలు. పది రోజులు కూడా రాదు.”

“మీకెలా తెలుసు?”

“తెలియడానికి కొనాలా ఏమిటి? లోకజ్ఞానం ఉంటే చాలు.”

ఈ-రీడర్ వచ్చిన పెట్టె మీద రాసిందేమిటో చూసి ఇంకో నాలుగు మాటలు అందామని అధ్యక్షుడు దాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకున్నాడు. తర్వాత ముక్కు దగ్గరకు తెచ్చాడు. చివరికి “నా కళ్ళజోడెక్కడ పెట్టావే?” అని భార్య మీద విసుక్కున్నాడు. అది దొరకలేదు. పెట్టెను బల్ల మీద పడేసి తన లావుపాటి పుస్తకం తీశాడు.

ఆ పుస్తకం సంగతి పేటంతటికీ తెలుసు. తోలు అట్ట, తలగడంత మందం. అధ్యక్షుడు ఎక్కడికి వెళ్ళినా అది చంకలో ఉండాల్సిందే. ఎంతకాలమైనా అదే చదువుతున్నారేమని ఎవరైనా అడిగితే, గొప్ప పుస్తకాలు మీ చిల్లర పుస్తకాల్లా చప్పున అయిపోవంటాడు. సభలో దాన్ని ఎత్తి పట్టుకుని, కళ్ళజోడు లేకుండా గడగడా చదువుతుంటే సభ్యులు నోళ్ళు తెరుచుకుని వింటారు.

“ఇదిగో,” అంటూ అధ్యక్షుడు పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని తెరిచాడు. “దీనికి నాకు కళ్ళజోడు కావాలా? కాగితం కళ్ళను కాపాడుతుందోయ్. తెరలు తినేస్తాయి. ఇవాళ్టి ప్రసంగం కూడా మొత్తం ఇందులోనే ఉంది.”

“ఏదీ, ఆ అక్షరాలెలా ఉన్నాయో చూడనివ్వండి,” అని బావమరిది చెయ్యి చాచాడు.

అధ్యక్షుడు టక్కున మూసేశాడు. “చేతులు కడుక్కున్నావా?”

“పోనీ అక్కకివ్వండి. కళ్ళజోడు అక్కర్లేని పుస్తకమైతే తనే చదువుకుంటుంది.”

“ఇది మీ అక్క బుర్రకెక్కే పుస్తకం కాదు.”

ఆమె ఈ-రీడర్‌ను చీర కొంగుతో తుడిచి, పెట్టెలో పెట్టి, తమ్ముడి సంచిలో వేసింది.

భోజనాలయ్యాయి. సభ ఉన్న రోజున అధ్యక్షుడు తన గదిలో గడియ పెట్టుకుని, పుస్తకంతో కాసేపు ఒంటరిగా గడుపుతాడు. మననం అంటాడు దాన్ని. ఇవాళ ఆ గదిలో బావమరిది నడుం వాల్చాడు.

“వాడు వెళ్ళగానే నన్ను లేపు. గదిలో పనుంది,” అని భార్యకు చెప్పి, అధ్యక్షుడు ముందుగదిలోని పడక్కుర్చీలో వాలాడు. కాసేపటికే గురక మొదలైంది. గుండెల మీద లావుపాటి పుస్తకం పైకీ కిందికీ కదులుతోంది.

“అంత బరువు మీదేసుకుని ఎలా నిద్రపోతారే?” అన్నాడు బావమరిది, వెళ్ళబోతూ.

“ఆయనకలవాటే.”

“అక్కా, ఇది ఇక్కడే ఉంచనా? ఎక్కడైనా దాచిపెట్టుకుని చదువుకో.”

“వద్దులే, తీసుకెళ్ళు. నేను ఎలాగో చదువుకుంటాను. సాయంత్రం సభకి మాత్రం రా.”

“ఆ సోది వినడానికా?”

“రారా. ఇవాళ బాగుంటుంది.”

ఏనాడూ సభకు పిలవని అక్క ఎందుకు పిలుస్తోందో అతనికి అర్థం కాలేదు. సరేనని వెళ్ళిపోయాడు.

ఆమె తలుపు వేసి వచ్చింది. భర్తను లేపలేదు. ఆయన గుండెల మీది పుస్తకాన్ని రోజూలాగే ఒంటిచేత్తో మెల్లగా తీసింది. కిటికీ దగ్గర కూర్చుని, తన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, తోలు అట్ట తెరిచింది.

అందులో చార్జింగ్ అయిపోయేదాకా చదువుకుంది.